టమాటా దాయాదులు

మా యింట తద్దినమునాడు టమాటాకు వంటయింటి గడప దాటు అధికారము లేకుండెడిది. అరటి, కంద, పొట్ల, కాకర, చేమ మొదలైన పాతకాపులకు పితృదేవతల విస్తరిలో చోటు దొరకునుగాని, సీమనుండి దిగిన బంగాళాదుంపకును, క్యాబేజీకిని, టమాటాకును ఆ పూట బుట్ట దిగుటకైనను వీలు లేదు. "గోత్రము తెలియని కాయ" అని మా నాయనమ్మ ఒక్కమాటతో తీర్పు చెప్పెడిది. మఱునాటి ప్రొద్దుటికి ఆ తీర్పు ఎవరికిని జ్ఞాపకముండెడిది కాదు. పప్పులో టమాటా, చారులో టమాటా, రోటిపచ్చడిలో టమాటా. ఎంతో కాలమునకు, వృక్షశాస్త్రజ్ఞుల వ్రాతలు చదువ మొదలిడిన పిమ్మట, నాకు తెలిసివచ్చిన దేమనగా, ఆ కాయకు గోత్రము లేకపోలేదు. దాని పుట్టుపూర్వోత్తరములను, దాని దాయాదుల కాపురములను, ఎవరినుండి ఎవరికి ఏ ఆస్తి సంక్రమించినదను వివరమును శోధించినంత శ్రద్ధగా ఏ రాజవంశపు చరిత్రనైనను ఎవరును శోధించియుండరేమో.

వంకాయ, మిరప, బంగాళాదుంప, పొగాకు, ఉమ్మెత్త, ఇవి యన్నియు ఒక్క కుటుంబమువి. పెరటిగోడ వెంబడి ఎవరును విత్తకయే మొలచి నల్లపూసలవంటి పండ్లు పండు కామంచియు అందులోనిదే. గోదావరి ప్రాంతపు పెద్దలు టమాటాను రామములక్కాయ అందురు. నేలములక అను ముండ్లమొక్క వంకాయకు దగ్గఱి చుట్టము. రామములక యని పేరు పెట్టిన పల్లెవాడెవడో లాటిను గ్రంథము నొకదానినైనను తిరుగవేయకయే క్రొత్తకాయ వంశమును పోల్చుకొనెనని నాకు అనిపించును. పండితులకు మాత్రము ఈ సంగతి తేలుటకు చాలకాలము పట్టినది. 1753లో స్వీడను దేశీయుడైన లిన్నేయసు టమాటాను వంకాయ ప్రజాతియైన సొలేనమ్‌లో చేర్చగా, మఱుసటి సంవత్సరమే ఫిలిప్ మిల్లర్ అను ఆంగ్లేయ ఉద్యానవేత్త దానిని విడదీసి, 'తోడేలు పీచుపండు' అను అర్థము వచ్చు లైకోపెర్సికాన్ అను పేరిట వేఱుకాపురము పెట్టించెను. రెండువందల యేండ్లకు పైగా ఆ వేఱుకాపురమే సాగినది. తుదకు 1990 దశకములో డీఎన్‌ఏ సాక్ష్యము చేతబట్టుకొని అమెరికా శాస్త్రజ్ఞుడు డేవిడ్ స్పూనరును ఆయన సహచరులును దానిని మరల వంకాయ పంచకు చేర్చిరి. ఇంతకాలము నడచిన దాయభాగపు వ్యాజ్యము మన జిల్లాకోర్టులలో సైతము అరుదు.

మనము తిను టమాటాకు అడవిలో పండ్రెండు జాతుల దాయాదులు కలవు. దక్షిణ అమెరికా పడమటి అంచున, ఈక్వెడారు, పెరూ, చిలీ దేశములలో ఆండీసు పర్వతముల వాలులయందును, సముద్రతీరపు టెడారులయందును, తీరమునకు దాదాపు వేయి కిలోమీటర్ల దూరమున పసిఫిక్ సాగరమున తేలియున్న గలాపగోసు దీవులయందును వాని నివాసము. వానిని చూచినవాడు ఇవి టమాటాలని చప్పున ఒప్పుకొనడు. అన్నింటిలో మన టమాటాకు దగ్గఱిదైన పింపినెల్లిఫోలియమ్ బఠాణీగింజంత ఎఱ్ఱని పండ్లు గుత్తులుగా కాయును. పెక్కింటి పండ్లు పండినను ఎఱుపెక్కక ఆకుపచ్చగనే యుండి, నూగుతో కప్పబడి, నోట పెట్టుకొన్న చేదో వగరో తగిలి ఉమ్మివేయవలసినట్లుండును. పెన్నెల్లీ అనునది వాన యరుదైన పెరూ తీరమున, సముద్రమునుండి వచ్చు మంచుపొగల తేమతో కాలక్షేపము చేయును. చిలెన్సే అనునది అటకామా ఎడారి అంచులలో వేళ్లు లోతునకు దించి నిలుచును. హాబ్రోకైటీస్ అనునది మేఘములు తాకు కొండవాలులపై పెరుగుచు, ఆకునిండ మొలచిన నూగు కొనలనుండి జిగటయు విషమును ఊఱించి, వ్రాలిన పురుగును వ్రాలినచోటనే పడవేయును. నీరు కావలెనని గాని, మందు చల్లుమని గాని ఇవి ఎవరినిని ఎన్నడును అడిగినవి కావు.

వీనిలో ఆ బఠాణీపండ్ల జాతి ఒక్కటి మనుష్యుల చేతబడి, తరతరముల ఏరివేతలో పండు పెద్దదై, ఉత్తరముగా సాగి మెక్సికో చేరి, అజ్టెకుల సంతలలో షితోమత్ల్ అను పేర అమ్ముడుపోయి, పదునాఱవ శతాబ్దమున స్పెయినువారి ఓడలనెక్కి యూరపునకును, పోర్చుగీసువారి వెంట మన తీరమునకును వచ్చినది. ఇట్టి ప్రయాణములలో ఎవడును తోటంతయు మోసికొనిపోడు. రుమాలు కొంగున పట్టినన్ని గింజలు కట్టుకొనిపోవును. ఒక్కొక్క మజిలీలో పిడికెడు గింజలు మాత్రమే దాటుటచే, వెనుక విడిచిన తక్కిన వైవిధ్యమంతయు వెనుకనే మిగిలిపోయినది. దీనికి తోడు పువ్వు నిర్మాణమే మాఱినది. అడవి జాతులలో పెక్కింటికి కీలాగ్రము పుప్పొడి తిత్తులను దాటి వెలుపలికి చాచుకొని, పరాయి పువ్వు పుప్పొడి తెచ్చు తుమ్మెదకై ఎదురుచూచుచుండును. సాగులోని టమాటాలో అది తిత్తుల నడుమ ఒదిగి, తన పుప్పొడితోనే తాను కాయగట్టును. రైతునకు అది సదుపాయమే, ఏటేట కాపు తప్పదు. కాని క్రొత్తరక్తము వచ్చు త్రోవ మూసికొనిపోయినది. సాగులోనున్న టమాటాలన్నింటిలోను ఉన్న జన్యువైవిధ్యము అడవి జాతులలోని దానిలో నూటికి అయిదు పాళ్లకు లోపేనని 1990లో లెక్కతేల్చిరి. మన బజారులో గుండ్రనివి, కోలవి, పసుపువి, ద్రాక్షపండంతవి అని వన్నెలు చూచి మురిసిపోదుముగాని, అదంతయు ఒకే తానులో చింపిన చొక్కాల తేడా. కాయ బలిసినదిగాని కుటుంబము చితికినది.

ఈ చితికిన కుటుంబమునకు దాయాదులనుండి పాలు ఇప్పించు పని నెత్తిన వేసికొన్నవారిలో మొదట చెప్పవలసిన పేరు చార్లెస్ రిక్. 1915లో అమెరికాలో పుట్టి, 1940లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ శాఖలో చేరి, 2002లో కన్నుమూయువఱకు ఆయనకు టమాటా తప్ప వేఱు లోకము లేదనవచ్చును. పాత బండియు, కాగితపు సంచులును తోడుగా ఆండీసు లోయలను పలుమాఱులు గాలించి, కొండచఱియల అంచున, బాటప్రక్కల దిబ్బలపై, ఎండిన ఏటి గర్భములలో దొరకిన ప్రతి అడవిమొక్క గింజను ఏరి, ఊరుపేరు వ్రాసి, డేవిసునకు తెచ్చి దాచెను. నేడు ఆయన పేరిటనే నడచుచున్న అచటి విత్తన భాండారములో మూడువేలకు మించిన రకములు కలవు. ప్రపంచములో ఏ మూలనున్న పరిశోధకుడడిగినను అచటినుండి గింజలు పంపుదురు.

గలాపగోసు గింజల కథ ఆయన జీవితములో మకుటమువంటిది. ఆ దీవుల టమాటా గింజలను ఎంత జాగ్రత్తగా విత్తినను, తడిపినను, వేచిచూచినను అవి మొలకెత్తవయ్యెను. పైపొర అంత మొండిది. అట్లయిన తల్లిగడ్డపై మాత్రము ఎట్లు మొలచుచున్నవి? ఆ దీవుల పేరు వినగనే స్ఫురించు జంతువు పెద్దతాబేలు. పండ్లు తిని, నింపాదిగా నడచి, నింపాదిగా అరిగించుకొను ఆ ప్రాణి కడుపులో గింజ పొర మెత్తబడునేమోయని రిక్‌కు తోచినది. తోచినదే తడవుగా గలాపగోసు తాబేళ్లకు మేతలో కలిపి ఆ పండ్లను పెట్టించి, విసర్జనములో గింజలకై వెదకించెను. ఒక వారమునుండి మూడు వారములవఱకు గింజలు కడుపులో ప్రయాణము చేసి వెలికివచ్చినవి. వచ్చినవానిని విత్తగా చకచక మొలచినవి. రిక్, రాబర్ట్ బోమన్ ఇరువురును 1961లో ఈ సంగతి ప్రకటించిరి. తాబేలు నడక మందమని మనము నవ్వుదుముగాని, మూడు వారములలో అది తల్లిమొక్కకు ఎంత దూరమేగునో, విత్తనమునకు అంత దూరపు క్రొత్తనేల దొరకును. ఇప్పుడు పరిశోధనాలయములలో తాబేలుకు బదులు బట్టలు తెల్లబఱచు బ్లీచింగు ద్రావణములో అరగంట నానబెట్టి అదే పని జరిపించుకొనుచున్నారు. సులభమే, కాని రుచిలేని పద్ధతి.

ఇంత శ్రమపడి మొలపించిన ఆ మొక్క ఏమి యిచ్చినది? మొదటిది, గంటులేని తొడిమ. మామూలు టమాటా కాడకు నడుమ మోకాలువంటి గంటు ఉండును. కోసినప్పుడు అచట తెగి, ముచ్చిక కాయనంటియే వచ్చి, బుట్టలో ప్రక్కకాయను పొడుచును. గలాపగోసు మొక్కలో ఆ గంటు లేదు, కాయ ముచ్చిక లేకుండ నున్నగా ఊడివచ్చును. యంత్రములతో కాయకోత సాగించు కాలిఫోర్నియాకు ఆ చిన్న గుణము పెద్ద వరమైనది. రెండవది ఉప్పునకు ఓర్చుకొనుట. సముద్రపుటంచున పెరుగు ఆ మొక్కను డేవిసులో రష్, ఎప్‌స్టైన్ అనువారు సముద్రజలముతో పెంచి, అది బ్రతికినదని 1976లో తెలిపిరి. అయితే ఉప్పును తట్టుకొను గుణము ఒక్క జన్యువు చేతిలోనిది కాదు. తొడిమ గుణము వచ్చినంత తేలికగా అది రాలేదు.

ఇక పెరూలోని అబాన్కే పట్టణ ప్రాంతమున 1962లో జరిగిన సంగతి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్రజ్ఞుడు హ్యూ ఇల్టిసు, డాన్ యూజెంట్ అను సహచరునితో అడవి బంగాళాదుంపలకై తిరుగుచు, ఒకచోట పచ్చని చిన్నకాయలు కాచిన జిగట మొక్కనొకదానిని చూచిరి. అది వారు వెదకవచ్చినది కాదు. ఆనవాటుకు కొమ్మను అద్దుడు కాగితములలో పెట్టి, 832 అని సంఖ్య వేసి, గింజలను రిక్‌కు పంపివైచి ఆ మాట మఱచిరి. పదునాలుగేండ్లకు, 1976లో, అది శాస్త్రమెఱుగని జాతియని తేలి, పోలెండు శాస్త్రజ్ఞుని స్మరణార్థము ఖ్మిలెవ్‌స్కీ అను నామము పొందినది. రిక్ దానిని సాగు టమాటాతో సంకరపఱచి, సుమారు పది తరములు తల్లిజాతితో మరల మరల కలుపగా పుట్టిన కాయల రసములో చక్కెర మొదలగు కరగిన పదార్థములు మామూలుగా నుండు 4.5-6.2 శాతమునుండి 6.6-8.6 శాతమునకు పెరిగినవి.

రెండు మూడు శాతమేమి లెక్క యని తోచవచ్చును. బెల్లము వండు గానుగవానినడుగుడు. పలుచని చెఱకురసము తెచ్చినవాని పాకము ముదురుటకు ఎన్ని మోపుల పుల్లలు పొయ్యిలో పడునో, చిక్కని రసమునకు ఎంత మిగులునో వాడు చెప్పును. టమాటా గుజ్జు చిక్కబెట్టు కర్మాగారములలోను జరుగునది అదే, కాయలోని నీటిని కాచి ఆవిరిగా పంపుట. ఆ జిగటమొక్కవలన ఆ పరిశ్రమకు ఏటేట ఎనుబది లక్షల డాలర్ల ప్రయోజనము కలుగునని ఇల్టిసు 1988లో అచ్చయిన ఒక వ్యాసములో అంచనా కట్టెను. పచ్చికాయలు చూచి చేదని పాఱవేయక, కాగితములో మడిచి పెట్టినందుకు దక్కిన ఫలమిది.

తెగుళ్ల విషయమున ఈ ఋణము మఱింత పెద్దది. వేళ్లపై బుడిపెలు లేపి మొక్కను పీల్చివేయు నులిపురుగు సంగతి మన రైతులెఱుగుదురు. దానిని ఓర్చు శక్తి పెరూవియానమ్ అను అడవిజాతిలో నున్నది. కాని సాగు టమాటాతో దానిని కలిపిన, కాయ కట్టుటయే గాని లోపలి పిండము ముదురకమునుపే చచ్చును. 1944లో కాలిఫోర్నియాలో పి. జి. స్మిత్ అనునతడు చచ్చులోపలనే పిండమును వెలికితీసి, పోషకద్రావణముతో గాజుపాత్రలో పెంచి, ఒక్క మొక్కను నిలుపగలిగెను. ఆ ఒక్క మొక్కనుండియే నులిపురుగునోర్చు జన్యువు తరతరములుగా వ్యాపించి, ప్రపంచములోని ఆ గుణముగల టమాటాలన్నింటిలోను చేరినది. అయితే నేల వేడి 28 డిగ్రీలు దాటిన ఆ జన్యువు పనిచేయుట మానును. మన వేసవి నేలల సంగతి తెలిసినవారు దానిపై ఎంతవఱకు ఆశ పెట్టుకొనవలెనో తామే తేల్చుకొనగలరు.

మనకు నేరుగా తగులు కథ ఆకుముడతది. తెల్లదోమ మోసికొనివచ్చు ఆ వైరసు పట్టిన మొక్క ఆకులు ముడుచుకొని, గిడసబాఱి, పూత నిలువక నిష్ఫలమగును. భారతదేశములో ఈ తెగులును 1948లోనే గుర్తించి వ్రాసిరి; మదనపల్లె చుట్టుపట్ల టమాటాపై బ్రతుకు రైతునకు నేటికిని ఇది పీడకలయే. దీనికి విరుగుడు వెదకినవారిలో హర్యానాలోని హిస్సారు వ్యవసాయ విశ్వవిద్యాలయపు కల్లూ, బెనర్జీ అనువారు కలరు. ఆకునిండ విషపు నూగు మొలచునని పైని చెప్పిన హాబ్రోకైటీస్ జాతినుండి ఆకుముడతను ఓర్చు శక్తిని సాగు టమాటాలోనికి తెచ్చి, వారు 1990లో ప్రకటించిరి. వారు పెంచిన హెచ్-24 అను రకమునుండియే టీవై-2 అను జన్యువు తరువాత తైవానులో గుర్తింపబడి, పెక్కు దేశముల విత్తనములలోనికి ప్రవహించినది. మేఘములు తాకు ఆండీసు వాలులపై పుట్టిన గుణము హిస్సారు పొలములో పోతపోసికొని లోకమంతయు తిరుగుట చిత్రమే. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థవారు ఆకుముడతను, ఎండుతెగులును, ఆకుమాడును మూడింటిని ఓర్చునట్లు సిద్ధముచేసిన అర్క రక్షక్ నేడు మన రైతులకు పరిచితమే. ఏ రకమైనను, వైరసు ఊరకుండదు. అది రూపు మార్చుకొన్నప్పుడెల్ల మనము మరల ఆ కొండల గుమ్మము తట్టవలసినదే.

2012లో టమాటా జన్యుపటము సంపూర్ణముగా ప్రకటితమైనది. పదునాలుగు దేశములవారు పాలుపంచుకొన్న ఆ కృషిలో పండ్రెండు క్రోమోజోములలో అయిదవదానిని చదువు బాధ్యత మన దేశము వహించినది. సుమారు ముప్పదియైదువేల జన్యువులు లెక్కకు వచ్చినవి. బఠాణీపండ్ల దాయాదికిని మన టమాటాకును అక్షరములలో భేదము నూటికి ఒకటికంటె తక్కువ. హైదరాబాదు విశ్వవిద్యాలయములో సైతము టమాటా జన్యువులపై పరిశోధనకు ప్రత్యేకముగా ఒక భాండారము నడచుచున్నది.

ఆ సంవత్సరమే వెలువడిన మఱొక పరిశోధన నాకు ఎక్కువ నచ్చినది, ఏలయన అది మా పెరటి కాయను సమర్థించినది. నాటు టమాటా పండకమునుపు ముచ్చిక చుట్టును ముదురు ఆకుపచ్చని పట్టె యుండును. కాయ అంతటను ఒకే లేతరంగు ఉండిన పండినదెప్పుడో పోల్చుట తేలికయని పెంపకందారులు కొన్ని దశాబ్దములుగా ఆ పట్టె లేని మొక్కలనే ఏరుచువచ్చిరి. ఆ ఏరివేతలో చెడినది ఒక జన్యువనియు, కాయలోని పత్రహరితమును పెంచి చక్కెరను చేర్చుట దాని పనియనియు డేవిసులోని ఆన్ పవెల్ బృందము తేల్చినది. అనగా కంటికి నచ్చినదని పచ్చపట్టెను తీసివేయుటలో నాలుకకు రావలసిన తీపిని కూడ తీసివేసితిమి. 2019లో 725 రకముల జన్యువులను పోల్చి చూచినవారికి మఱియొక సంగతి కనబడినది. కాయకు సువాసననిచ్చు ఒక జన్యువు యొక్క ఒక రూపము అడవి బఠాణీపండ్లలో నూటికి 91 మొక్కలలో నుండగా, పాత సాగురకములలో రెండింటికి దిగినది. అంగడి టమాటా ఎఱ్ఱగా మెఱయుచు నోట పెట్టుకొన్న నీళ్లవలె నుండుటకు కారణము వర్షమో ఎరువో కాదు, చాలభాగము మన ఏరివేతయే.

ఇది యంతయు చూచి కొందఱు తలక్రిందుగా ఆలోచింప మొదలిడిరి. ధనవంతునికి దాయాది ఆస్తి కొంచెము కొంచెముగా తెచ్చిపెట్టుటకంటె, దాయాదినే తిన్నగా ఇంటికి తెచ్చి పెంచరాదా? 2018లో బ్రెజిలు, జర్మనీ, అమెరికా శాస్త్రజ్ఞులు అడవి పింపినెల్లిఫోలియమ్‌లో ఆఱు జన్యువులను సవరించి, పండు మూడింతలు, పండ్ల సంఖ్య పదింతలు పెరుగునట్లు చేసిరి. పండున కెఱుపునిచ్చు లైకోపీను సాగు టమాటాలోకంటె అయిదింతలున్నది. వేలయేండ్ల మచ్చికను కొలది యేండ్లలో జరిపించిన ఈ నేర్పు మెచ్చదగినదే. కాని సవరించుటకైనను ముందు ఆ అడవిమొక్క బ్రతికియుండవలెను గదా.

అది బ్రతికియుండునన్న భరోసా తఱుగుచున్నది. పెరూ లోయలలో పొలములును, పట్టణములును పెరిగి అడవి టమాటాల తావులు పోవుచున్నవి. గలాపగోసునకు మనుష్యులు తెచ్చి వదలిన మేకలు పచ్చదనమును మేసివైచినవి. 1835లో చార్లెస్ డార్విను స్వయముగా ఆ దీవులలో టమాటా కొమ్మలు సేకరించెను. ఆయన మునిమనుమని కూతురు సారా డార్విను అదే మొక్కపై పరిశోధన చేసి, ప్రధానభూమినుండి వచ్చి చేరిన టమాటాలు అచటి పుట్టుజాతిని త్రోసివేయుచు, దానితో కలిసిపోవుచున్నవని చూపినది. దాయాదుల తగవు తుద కక్కడ నిజమే యైనది.

డేవిసులో ఎవరో దాచుచున్నారుగదా యని మనము ఊరకుండరాదు. ముచ్చిక చుట్టును పచ్చపట్టె తేలి, పులుపును తీపియు సరిసమానముగా నుండు నాటు టమాటా మీ పెరటిలోగాని మీ పల్లెలో ఏ ముసలమ్మ పాదులోగాని మిగిలియున్నయెడల, ఈ ఏడు ఒక మంచి పండును కోయకుండ చెట్టుననే మాగనిండు. గింజలను బూడిదలో పొరలించి, నీడన ఆరబెట్టి, పొట్లము కట్టి, పైన ఊరిపేరు వ్రాసి దాచుడు.